స్లేయర్‌కు వేగం నేర్పింది రూబిన్ కాదు

అమెరికాకు చెందిన స్లేయర్ బృందం 1986 అక్టోబరులో విడుదల చేసిన ‘రెయిన్ ఇన్ బ్లడ్’ ఆల్బమ్ గురించి థ్రాష్ మెటల్ (వేగంగా, దూకుడుగా సాగే ఒక రకం రాక్ సంగీతం) అభిమానుల మధ్య ఒక కథనం ఏళ్ళ తరబడి చేతులు మారుతోంది. పెద్దగా పస లేని బృందానికి హిప్‌హాప్ నిర్మాత రిక్ రూబిన్ వచ్చి వేగం నేర్పాడనీ, సరిపడా పాటలు లేక 29 నిమిషాలతో సరిపెట్టారనీ, నాజీలను పొగిడినందుకు ఆల్బమ్ నిషేధానికి గురైందనీ, ఆ నిషేధం పుణ్యమా అని రాత్రికి రాత్రే లక్షల్లో అమ్ముడైందనీ దాని సారం. ఈ నాలుగు మాటల్లోనూ తలా ఒక నిజం తునక ఉంది కాబట్టే కథనం ఇంత తేలిగ్గా చెల్లిపోతోంది.

వేగం సంగతి ముందు చూద్దాం. రూబిన్‌తో పరిచయం కాకముందు, 1984లో స్లేయర్ విడుదల చేసిన ‘కెమికల్ వార్‌ఫేర్’ పాటను ఒక్కసారి విన్నవారెవరూ ఈ బృందానికి వేగం తెలియదని అనలేరు. మారింది వేగం కన్నా ఎక్కువగా పాటల నిడివి. 1985 నాటి ‘హెల్ అవెయిట్స్’ ఆల్బమ్‌లో ఏడు పాటలు కలిసి దాదాపు 37 నిమిషాలు నడుస్తాయి, అంటే పాటకు సగటున అయిదు నిమిషాల పైమాటే, తర్వాతి ఏడాది పది పాటలు 29 నిమిషాల్లో ముగిశాయి, అంటే ఆ సగటు మూడు నిమిషాల లోపుకు దిగింది. ఈ కోత గిటారిస్టులు జెఫ్ హానెమన్, కెర్రీ కింగ్ పాటలు కట్టేటప్పుడే వేసుకున్నది. హానెమన్‌కు హార్డ్‌కోర్ పంక్ అంటే, అంటే పొట్టిగా, వేగంగా ముగిసే పాటల రాక్ సంగీతమంటే పిచ్చి. తోటి మెటల్ బృందాలు ఒకే రిఫ్‌ను (చిన్న గిటార్ వరసను) తిప్పి తిప్పి వాయించడం తమకు విసుగు తెప్పించేదని ఆ ఇద్దరూ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు కూడా. ఇక ఈ వాదాన్ని పూర్తిగా తేల్చేసేది 1988 నాటి ‘సౌత్ ఆఫ్ హెవెన్’. నిర్మాత అదే రూబిన్, బృందం అదే నలుగురు, అయినా వాళ్ళు కావాలనే వేగం తగ్గించారు. వేగం నిర్మాత పెట్టిన భిక్షే అయితే మరుసటి ఆల్బమ్‌కే అది ఎలా మాయమైందో ఈ కథనం నమ్మేవారు చెప్పాలి.

అలాగని రూబిన్ చేసిందేమీ లేదనడం కూడా అన్యాయమే అవుతుంది. అతను మార్చింది ధ్వనిని. ‘హెల్ అవెయిట్స్’ రివర్బ్‌లో, అంటే గదిలో మారుమోగినట్టు వినిపించే ప్రతిధ్వనిలో, నిండా తడిసి ఉంటుంది, నెమ్మదిగా నడిచే చోట్ల దానికదే ఒక అందం. కానీ ఫంక్షన్ హాల్లో తీన్మార్ వాయిస్తే ఏమవుతుందో మనకు తెలుసు: ఒక దెబ్బ మోత చల్లారకముందే తర్వాతి దెబ్బ వచ్చి పడి, అంతా కలగాపులగమై, దరువు కాస్తా గోల అవుతుంది. స్లేయర్ వాయించే వేగానికి అదే గతి పట్టేది. లాస్ ఏంజిలిస్‌లోని హిట్ సిటీ వెస్ట్ స్టూడియోలో రూబిన్, ఇంజనీరు ఆండీ వాలెస్ కలిసి ఆ రివర్బ్‌ను దాదాపుగా పిండేశారు. ఫలితం తెలియాలంటే ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ చివరి నిమిషం వినాలి: గిటార్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, డ్రమ్మర్ డేవ్ లొంబార్డో కాలితో మోగించే బాస్ డ్రమ్ములు మాత్రమే కొన్ని క్షణాలపాటు ఒంటరిగా ఉరుముతాయి, అంత వడిలోనూ ఏ దెబ్బకు ఆ దెబ్బ విడిగానే వినపడుతుంది. ఆ దెబ్బలు లొంబార్డోవి, వాటిని మన చెవిదాకా చెదరకుండా చేర్చిన ఘనత రూబిన్, వాలెస్‌లది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగిందన్నది కూడా ఈ కథనంలో కనపడదు. రూబిన్ అదే ఏడాది నిర్మించిన, బీస్టీ బాయ్స్ అనే ర్యాప్ బృందం పాట ‘నో స్లీప్ టిల్ బ్రూక్లిన్’లో గిటార్ సోలో వాయించింది కెర్రీ కింగే.

నిడివి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒప్పందం ప్రకారం ఆల్బమ్‌కు పది పాటలుంటే సరిపోతుందని రూబిన్ అన్నాడని బృంద సభ్యులే చెప్పారు, పది పాటలూ ఉన్నాయి. క్యాసెట్‌లో అయితే మొత్తం ఆల్బమ్ ఒకే వైపు పట్టేయడంతో రెండో వైపు కూడా అదే నింపి అమ్మారు.

నాజీల ప్రస్తావనను మాత్రం తేలిగ్గా తీసిపారేయలేము. ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ ఆష్విట్జ్ మరణ శిబిరంలో వైద్యుడు యోసెఫ్ మెంగెలె ఖైదీలపై జరిపిన ప్రయోగాల గురించిన పాట, హానెమన్ రాసినది. ఆ శిబిరాల నుంచి బతికి బయటపడినవారు దాన్ని విని నొచ్చుకున్నారంటే వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే నొప్పించడం వేరు, పొగడడం వేరు. పాట మెంగెలెను వీరుడిగా నిలబెట్టదు, పరుల బాధలో ఆనందం వెతుక్కునే క్రూరుడిగానే పిలుస్తుంది. కాకపోతే ‘ఇది ఘోరం’ అని విడిగా తీర్పు చెప్పదు, అంత స్పష్టమైన సంగతిని నోటితో చెప్పాలా అన్నది హానెమన్ వైఖరి. రూబిన్ యూదుడు కాబట్టి, గాయకుడు టామ్ అరయా చిలీలోనూ లొంబార్డో క్యూబాలోనూ పుట్టారు కాబట్టి ఆరోపణ చెల్లదని కొందరు అభిమానులు వాదిస్తుంటారు గానీ, నాకది బలహీనమైన వాదనగానే కనిపిస్తుంది, ఎందుకంటే పాటకు జవాబు పాటలోనే దొరకాలి తప్ప జన్మపత్రికల్లో కాదు.

ఇక నిషేధం. అప్పట్లో రూబిన్‌కు చెందిన, ఈ ఆల్బమ్‌ను వెలువరించిన డెఫ్ జామ్ సంస్థ రికార్డులను పంపిణీ చేసే కొలంబియా సంస్థ ఈ పాటనూ, లారీ కారల్ గీసిన అట్టబొమ్మనూ చూసి మాకొద్దు పొమ్మంది. అది ఒక వ్యాపార సంస్థ నిరాకరణే తప్ప ప్రభుత్వ నిషేధం కాదు. తర్వాత గెఫెన్ సంస్థ పంపిణీకి ఒప్పుకుంది, అదీ తన విడుదలల పట్టికలో పేరు చూపకుండానే. ఆ వివాదం వల్ల నలుగురి నోళ్ళలో నానిన మాట నిజమే. కానీ అమెరికాలోని బిల్‌బోర్డ్ పట్టికలో ఆల్బమ్ అందుకున్న గరిష్ఠ స్థానం 94; అయిదు లక్షల ప్రతులకిచ్చే గోల్డ్ గుర్తింపు దక్కింది 1992 నవంబరులో, అంటే ఆరేళ్ళకు, ఆలోగా బృందం మరో రెండు స్టూడియో ఆల్బమ్‌లు కూడా చేసేసింది. రాత్రికి రాత్రి వచ్చిపడిన డబ్బు ఎంతో తెలియాలంటే లొంబార్డోనే చూడవచ్చు: ఆల్బమ్ వచ్చాక సాగిన అమెరికా యాత్ర మధ్యలో, ఇంటి అద్దెకైనా చాలే ఆదాయం లేదని అతను బృందాన్ని వదిలి వెళ్ళిపోయాడు, మిగిలిన కచేరీల్లో విప్లాష్ బృందానికి చెందిన టోనీ స్కాలియోనె డ్రమ్ముల ముందు కూర్చున్నాడు.