ఓపియాయిడ్ లెక్కలు: అంకె ఎటు మొగ్గితే నమ్మకం అటు

ఓపియాయిడ్లు అంటే మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందులు, హెరాయిన్ లాంటి మత్తుమందులు ఉన్న కుటుంబం. నొప్పికి వాటిని రాస్తే వ్యసనం అరుదని అమెరికా వైద్యులకు ధైర్యమిచ్చిన ఆధారాల్లో ఒకటి కేవలం ఐదు వాక్యాల ఉత్తరం. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ఆసుపత్రిలో ఓపియాయిడ్లు తీసుకున్న 11,882 మంది రోగుల్లో, అంతకుముందు వ్యసనం లేనివారిలో నలుగురికే అది అంటుకుందని అందులోని సారాంశం. అది వార్డులో, సిబ్బంది కళ్లెదుట ఇచ్చిన మందుకు సంబంధించిన లెక్క. ఇంట్లో నెలల తరబడి మింగే మాత్రల గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా 2017లో అదే పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉదహరించారు. వాటిలో 72 శాతం వ్యసనం అరుదనడానికి సాక్ష్యంగా వాడుకున్నవే. వాళ్లు ఆసుపత్రి రోగులన్న సంగతిని ఎక్కువమంది ప్రస్తావించనే లేదు. వాళ్లలో ఆ ఉత్తరాన్ని నిజంగా చదివినవారు ఎందరు?

ఆ తరువాత గాలి ఎదురు తిరిగింది. ప్రతి చావు వెనుకా డాక్టరు రాసిన చీటీయే ఉందన్న అభిప్రాయం బలపడింది. 2016లో వైద్యులు రాసే ఓపియాయిడ్ల వల్ల చనిపోయినవారు పాత పద్ధతిలో 32,445 మంది. ఆ పద్ధతి అక్రమంగా తయారయ్యే ఫెంటానిల్ అనే చాలా బలమైన ఓపియాయిడ్‌ను కూడా మందుల ఖాతాలోనే వేసేది. ఫెంటానిల్ లాంటి సింథటిక్ (కృత్రిమంగా తయారుచేసే) ఓపియాయిడ్లను పక్కన పెడితే మిగిలేది 17,087. ఇది 2018లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరిశోధకులే చెప్పిన మాట. పక్కన పెట్టినవాటిలో వైద్యులు రాసినవీ కొన్ని ఉంటాయి కాబట్టి ఈ రెండో అంకె కూడా కచ్చితం కాదు. కానీ తేడా దాదాపు సగం.

అన్ని తప్పులకూ నమ్మకమే కారణమనలేం. కొన్ని ఉత్త అలసత్వం. అమెరికాలో చాలాచోట్ల మరణ కారణం తేల్చేది కరోనర్ అనే ఎన్నికైన అధికారి. ఆయన వైద్యుడే కానక్కరలేదు. ఏ మత్తుమందో రాయకుండా వదిలేసిన మరణ ధ్రువపత్రాలు వేలల్లో ఉండేవి. పైగా హెరాయిన్ శరీరంలో త్వరగా మార్ఫిన్‌గా మారుతుంది, అది వైద్యులూ వాడే మందు. పరీక్ష ఆలస్యమైతే వీధి మత్తు కాస్తా మందుల దుకాణం సరుకుగా నమోదవుతుంది. ఇక వాడకందారుల సంఖ్యను ఇంటింటి సర్వేతో తేలుస్తారు. జైల్లో ఉన్నవారు, ఆశ్రయం కూడా లేక వీధుల్లో బతికేవారు అందులోకి రారు. వ్యసనం ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. 2021 నుంచి 2023 వరకు ఏటా లక్షకు పైగా జనం మత్తుమందుల మోతాదు మించి చనిపోయారు. ఆ మొత్తంపై పెద్ద వివాదం లేదు. వివాదమంతా ఏ మందుకు ఎన్ని చావులు అన్న పంపకంలోనే ఉంది, విధానాలు నిర్ణయమయ్యేదీ అక్కడే. ఓపియాయిడ్లను ఆచితూచి రాయాలంటూ 2016లో సీడీసీ మార్గదర్శకాలు వచ్చాక, ఏళ్లుగా నొప్పికి మందు వాడుతున్న రోగులకు కూడా చాలాచోట్ల మోతాదు ఒక్కసారిగా కోసేశారు. అలా కోయడం ప్రమాదమని 2019లో ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించాల్సి వచ్చింది. ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే, మరణాలను గణనీయంగా తగ్గిస్తాయని తేలిన మెథడోన్, బుప్రెనార్ఫిన్ అనే ఓపియాయిడ్ మందులను మాత్రం “ఒక మత్తు పోయి ఇంకో మత్తు” అంటూ ఇప్పటికీ అనుమానంగానే చూస్తున్నారు.