వల కోసుకున్నవాళ్ల వాటా ఎవరిస్తారు?

2020 అక్టోబర్ వాయుగుండంలో బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’ విశాఖ టెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు నన్ను చాలామంది ఒకటే అడిగారు. “సముద్రంలో ఓడని కాపాడితే అది కాపాడినవాళ్లదే అయిపోద్దట కదా?” అవదు. ఓడ యజమానిదే. కాపాడినవాళ్లకు వచ్చేది ప్రతిఫలం. దాన్ని సాల్వేజ్ అంటారు. ఆ ప్రతిఫలం మన జెట్టీ వాళ్ల దాకా ఎందుకు రాదో చెప్పాలనే ఇది రాస్తున్నాను. చాలాకాలంగా కడుపులో పెట్టుకున్న మాట.

మా చిన్నాన్న ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు సరంగు, అంటే బోటు నడిపేవాడు. కొన్నేళ్ల కిందట ఒక నవంబర్ రాత్రి, భీమిలికి ఎదురుగా లోపల వేటలో ఉన్నారు. మోకు తెగి, తనని లాగే టగ్గు బోటుకి దూరమైపోయి గాలికి కొట్టుకుపోతున్న చిన్న బార్జి (సరుకు మోసే బల్లపరుపు పడవ) కనిపించింది. దాని మీద నలుగురు టార్చి ఊపుతున్నారు. నీళ్లలో ఉన్న వల ఎత్తాలంటే అరగంట పైనే పడుతుంది. వల కోసేశారు.

ఆ తర్వాత జరిగింది చిన్నాన్న చెబుతుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. కెరటం లేచినప్పుడే బోటు అంచు బార్జి అంచుకు అందుతుంది. ఆ ఒక్క క్షణంలో దూకాలి. కెరటం దిగాక దూకితే మనిషి రెండింటి మధ్య నలిగిపోతాడు. బోటు మరీ దగ్గరికెళ్తే ఆ ఇనుప గోడకు తగిలి చెక్క పగులుతుంది. ముగ్గురు దూకారు. నాలుగోవాడు ఇరవై ఏళ్ల కుర్రాడు, కాలు జారాడు. మన బోటులో పనిచేసే కళాసీ ఒకాయన వాడి చొక్కా దొరకబుచ్చుకుని లాగాడు. ఆ లాగుడుకి ఆయన భుజం ఇప్పటికీ సరిగ్గా పైకి లేవదు. అక్కడితో ఆగలేదు. బార్జి రుషికొండ రాళ్ల మీదికి పోకుండా దానికి మోకు కట్టి, టగ్గు వచ్చేదాకా తెల్లవార్లూ పట్టి ఉంచారు.

పొద్దున కంపెనీ మనిషి వచ్చి ఒక శాలువా, 5 వేల రూపాయలు ఇచ్చాడు. ఇంగ్లిష్‌లో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మాకిక ఏ బాకీ లేదని ఒప్పుకుంటున్నట్టు అందులో ఉందని తర్వాత తెలిసింది. వల పోయింది, డీజిల్ పోయింది, ఆ ట్రిప్పు వేట పోయింది. డీజిల్, ఐసు, రేషన్ ఖర్చు తీసేశాక మిగిలిన దాంట్లోనే కళాసీలకు వాటాలు. ఆ ట్రిప్పులో ఏమీ మిగల్లేదు.

“నీల్లల్లో మనిసుంటే వల చూసుకుంటామేట్రా?” అంటాడు చిన్నాన్న. ఆ మాటకు నేను చేతులెత్తి దండం పెడతాను. మన బోటు ఇంకో బోటుని లాక్కొస్తే డబ్బులడగని ఆచారం ఉంది, అది అలాగే ఉండాలి. నా కోపం ఆచారం మీద కాదు. కోట్ల సరుకు దక్కించుకుని శాలువాతో సరిపెట్టినవాళ్ల మీద.

1989 అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందంలో మన దేశం కూడా ఉంది. సముద్రంలో ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను, తన బోటుకీ తనవాళ్లకీ పెద్ద ప్రమాదం లేనంతవరకు, కాపాడి తీరాలని అది చెబుతుంది. ప్రాణం దక్కినవాడు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. అది న్యాయమే. ఓడ, సరుకు దక్కితే మాత్రం వాటి విలువ, ఎంత ప్రమాదంలో పనిచేశారు, ఎంత నేర్పు చూపించారు, ఎంత సమయం, ఎంత ఖర్చు అయింది, అన్నీ లెక్కేసి ప్రతిఫలం కట్టాలి. ఆ సమయంలో మనుషుల్ని కాపాడినవాళ్లకూ అందులో వాటా ఉంది. ఫలితం లేకపోతే మామూలుగా డబ్బూ లేదు. దీన్నే ‘నో క్యూర్ నో పే’ అంటారు. చిన్నాన్న వాళ్లు బార్జిని నిలబెట్టారు. ఫలితం కళ్ల ముందే ఉంది.

మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం 402వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ప్రాణాలు కాపాడినందుకు ఇచ్చే సాల్వేజ్‌ని మిగతా సాల్వేజ్ క్లెయిముల కంటే ముందు చెల్లించాలంది.  ఓడల కేసుల కోసం చేసిన 2017 అడ్మిరాల్టీ చట్టం ప్రకారం సాల్వేజ్ బాకీ కోసం ఓడనే హైకోర్టు ద్వారా ఆపించవచ్చు. ఇన్ని ఉన్నాయి. జెట్టీ మీద ఒక్కరికి చెప్పినవాళ్లు లేరు. పైగా క్లెయిముకు గడువు రెండేళ్లే. నాకు ఇదంతా తెలిసేసరికి మూడేళ్లు దాటిపోయింది.

2019 ఆగస్టులో మన తీరంలో ‘కోస్టల్ జాగ్వార్’ అనే ఓడ తగలబడినప్పుడు అందులో 29 మంది ఉన్నారు. కోస్ట్ గార్డ్ ఓడ ‘రాణి రాష్మోణి’ వెళ్లి చాలామందిని నీళ్లలోంచి తీసింది. వాళ్ల ధైర్యానికి సెల్యూట్. వాళ్లకు జీతం ఉంది, దెబ్బ తగిలితే వైద్యం ఉంది. మా కళాసీ భుజానికి ఏముంది?

2025లో పార్లమెంటు కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం చేసింది. దాని కింద నేను అడిగేది ఒకటే. ప్రాణాలు కాపాడిన బోటుకు వల, డీజిల్, పోయిన వేట రోజుల ఖర్చు ప్రభుత్వమే వెంటనే కట్టి, తర్వాత ఓడ యజమాని నుంచి వసూలు చేసుకోవాలి. “ఇవ్వవచ్చు” కాదు, “ఇవ్వాలి” అని ఉండాలి.

అప్పటిదాకా జాలరిపేటలో, మంగమారిపేటలో, పూడిమడకలో మీవాళ్లున్నవాళ్లు ఇది చదివి వినిపించండి. సాయానికి వెళ్లేముందు కోస్ట్ గార్డ్‌కి 1554 నంబరుకు ఫోన్ చేసి, లేదా బోటులోని వీహెచ్ఎఫ్ రేడియో సెట్‌లో చెప్పమనండి. టైము రాసుకోమనండి, ఫోన్‌లో వీడియో తీయమనండి. తెగిన మోకు, కోసిన వల ముక్క పారేయొద్దనండి. శాలువా ఇస్తే తీసుకోండి. కాగితం ఇస్తే మాత్రం లాయరు చూసేదాకా సంతకం పెట్టొద్దు.