కొనని మందు ఏ లెక్కలో ఉంది?

మందుల షాపులో చీటీ చేతికిస్తూనే "మొత్తం ఎంతవుతుంది?" అని అడిగేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? లెక్క చెప్పగానే ఒక్క నిమిషం ఆగుతారు. తర్వాత నెమ్మదిగా, "నెలకు వద్దులెండి, పది రోజులకు ఇవ్వండి" అంటారు. ఆ మిగిలిన ఇరవై రోజుల మందు ఏ లెక్కలోకీ ఎక్కదు. కుటుంబ ఖర్చుల సర్వేలో ఆ ఇల్లు మందుల మీద తక్కువే పెట్టినట్టు కనబడుతుంది, దాన్ని చూసి ఆ ఇంటికి ఇబ్బంది లేదని రాసేస్తారు. మందుల ఖర్చు గురించి మాట్లాడే ముందు ఈ సంగతి తేల్చుకోవాలని మా గట్టి అభిప్రాయం. తక్కువ ఖర్చు అయిందంటే జబ్బు లేకపోయి ఉండొచ్చు, మందు ఉచితంగా దొరికి ఉండొచ్చు, లేదా డబ్బు లేక కొనకుండా వెనక్కి వచ్చి ఉండొచ్చు. అంకె మాత్రం మూడింటికీ ఒకేలా ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 2025 దాకా వాడిన కొలత ప్రకారం, ఇంటి మొత్తం ఖర్చులో గానీ ఆదాయంలో గానీ 10 శాతానికి మించి వైద్యానికి సొంతంగా పెట్టుకుంటే అది కుటుంబాన్ని దెబ్బతీసే ఖర్చు. ఉన్నవాళ్లకు ఆ 10 శాతం పోయినా ఇల్లు నడుస్తుంది. లేనివాళ్లకు 5 శాతం పోయినా పిల్లల ఫీజు ఆగిపోతుంది.

ఇక ఈ ఖర్చును పెంచేది ఏమిటి? అన్నిటికంటే ముందు చెప్పాల్సింది జబ్బు తీరు గురించి. ఆపరేషన్ అంటే ఒకసారి వచ్చే కష్టం, అప్పో సప్పో చేసి, చుట్టాలను అడిగి ఎలాగో గట్టెక్కుతారు. బీపీ, షుగర్, ఆస్తమా, థైరాయిడ్ అలా కాదు, నెల తిరిగేసరికి మళ్లీ చీటీ పట్టుకుని నిలబడాల్సిందే. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే రెండు చీటీలు. చాలా బీమా పథకాలు మాత్రం ఆసుపత్రిలో చేరితేనే పలుకుతాయి, ఇంట్లో ఉండి రోజూ వేసుకునే బిళ్లకు పలకవు. బిళ్ల ఆపేసిన మనిషి పక్షవాతంతో ఆసుపత్రిలో చేరితే అప్పుడు బీమా డబ్బు కడుతుంది! ఇంతకన్నా అన్యాయమైన ఏర్పాటు ఇంకొకటి ఉంటుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం జరిపిన అధ్యయనాల్లోనూ తేలింది ఇదే: పేద కుటుంబాలను ఎక్కువగా కుంగదీసేది ఆసుపత్రిలో చేరకుండా బయట కొనుక్కునే మందులే.

రెండోది, మందును ఎంచుకునేది కొనేవాళ్లు కాదు. డాక్టరు రాస్తారు, షాపువాళ్లు ఇస్తారు, రోగి డబ్బు కడతాడు. అదే మందు తక్కువ ధరకు జనరిక్‌లో దొరుకుతుందో లేదో కట్టేవాడికి తెలియదు, తెలిసినా అడగడానికి భయం. షాపుకు వచ్చే లాభం ధరలో శాతంగా ఉంటే ఖరీదైన మందు అమ్మితేనే ఎక్కువ మిగులుతుంది, అలాంటప్పుడు చౌక మందు చూపిస్తారని షాపువాళ్ల మంచితనం మీద ఆధారపడటం ఎంతవరకు సబబు? చీటీకి ఇంత అని స్థిరమైన రుసుము ఇస్తే ఆ లాగుడు తగ్గుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితమని బోర్డు ఉండి, లోపల స్టాకు లేకపోతే అదీ బయట కొనుక్కునే ఖర్చే. అవసరం లేకున్నా రాసే టానిక్కులు, చీటీ లేకుండా జనం సొంతంగా కొనే యాంటీబయాటిక్స్ కూడా బిల్లును పెంచుతాయి, కాదనం, కానీ అసలు బరువు అక్కడ లేదు.

ధర సంగతికి వస్తే, 2000 ప్రాంతంలో ఎయిడ్స్ మందులకు ఒక మనిషికి ఏడాదికి 10,000 డాలర్ల పైనే అయ్యేది. 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా అవే మందుల జనరిక్ కలయికను సుమారు 350 డాలర్లకు ఇస్తామని ముందుకొచ్చింది. రోగం మారలేదు, మందూ మారలేదు, పోటీ వచ్చిందంతే. పేటెంట్ ఒక్కటే అడ్డు అనుకోవడం కూడా పొరపాటే. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు 1923లో ఆ పేటెంట్‌ను టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు, అయినా ఈరోజుకీ ప్రపంచ మార్కెట్‌లో ఎక్కువ భాగం మూడు కంపెనీల చేతుల్లోనే ఉంది, కొనలేక మానేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

రోగి కూడా కొంత కట్టాలి, లేకపోతే అవసరం లేని మందులు వాడతారు అని వాదించేవాళ్లున్నారు. అమెరికాలో 1970ల్లో మొదలై 1982 దాకా సాగిన, రాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన ఆరోగ్య బీమా ప్రయోగం దీన్ని పరీక్షించింది. సొంత వాటా కట్టాల్సి వచ్చినవాళ్లు అవసరం లేని వైద్యంతో పాటు అవసరమైనదాన్నీ తగ్గించుకున్నారు. ఏది మానేయవచ్చో, ఏది మానేస్తే ప్రాణం మీదికి వస్తుందో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? వేల్స్ 2007లో, స్కాట్లాండ్ 2011లో చీటీ మందుల రుసుమును పూర్తిగా ఎత్తేశాయి. అంత చేయలేని చోట కనీసం ఏడాదికి ఇంతకు మించి కట్టక్కర్లేదనే పరిమితి పెట్టాలి, పేదలకు ఆ వాటా కూడా ఉండకూడదు. వాటాను ధరలో శాతంగా పెట్టడం మాత్రం అసలు వద్దు, ఎందుకంటే ధర పెరిగిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా రోగికే తగులుతుంది.

మేము అడిగేవి రెండే. దీర్ఘకాలిక జబ్బుల మందులను ఆసుపత్రిలో చేరకపోయినా బీమాలో చేర్చాలి. సర్వేకు వెళ్లిన ప్రతి ఇంట్లో "మందులకు ఎంత పెట్టారు?" అన్న ప్రశ్న పక్కనే "రాసిన మందుల్లో ఏవి కొనలేదు, ఎందుకు కొనలేదు?" అని కూడా అడిగి, ఆ జవాబులను ఖర్చు అంకెలతో పాటే ప్రచురించాలి.