మహారాజశ్రీ ‘ఏం కాదులే’ గారికి

మహారాజశ్రీ ‘ఏం కాదులే’ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

నేనిక్కడ క్షేమం. మీ క్షేమం మాత్రం అడగను. కాలిన వేళ్ళు, పేలిన ఫ్యూజులు, చచ్చిన కంప్యూటర్ డబ్బాలు అన్నీ మా ఖాతాలో పడ్డాయి గానీ మీ ఒంటి మీద ఇప్పటిదాకా ఒక్క గీత పడింది లేదు.

బోనెట్ ఎత్తిన ప్రతిసారీ నాకంటే ముందు లోపలికి తొంగి చూసేది మీరే. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పని మొదలెడదామని నేను పానా వెతుక్కుంటూ ఉంటే, “రెండు నిమిషాల పనికి అదెందుకు, ఏం కాదులే” అంటారు. మీ మాట విని ఒకసారి పాజిటివ్ వైపు నట్టు మీద పానా పెట్టాను. దాని రెండో కొన బండి బాడీకి తగిలింది. వచ్చిన నిప్పురవ్వలకి పానా అంచు కరిగింది. బాడీ మొత్తం నెగటివ్‌కే కలిసి ఉంటుందనీ, అందుకే నెగటివ్ ముందు విప్పి చివర్న బిగించాలనీ ఆ రోజు నాకు వెలుగులోనే బోధపడింది. ఛార్జి అవుతున్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుందని, అది గాలిలో నాలుగు శాతం ఉంటే చాలు అంటుకుంటుందని తర్వాత తెలిసి, ఆ రోజు పేలనందుకు బ్యాటరీకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మీకు కాదు.

అయినా మీకు అన్యాయం చేయను. మీ మాట ఒకప్పుడు నిజమే. పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్, నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కండెన్సర్ ఉన్న రోజుల్లో మీరు ఆడింది ఆట. పెట్రోలు పంపు ఒత్తిడి అర బార్ కూడా ఉండేది కాదు. పైపు లాగితే నాలుగు చుక్కలు కారేవి. వైరు తప్పు చోట తగిలిస్తే చిన్న మెరుపు, కాస్త వాసన, అంతే. పాడైతే ఇసుక కాగితంతో రుద్దేవాళ్ళు. ఆ ఇంజిన్లు మిమ్మల్ని నిజంగానే భరించాయి.

కానీ మీకు ఒక వార్త అందినట్టు లేదు. 1967లోనే బాష్ కంపెనీ డి-జెట్రానిక్ పేరుతో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ని, అంటే ఎలక్ట్రానిక్ డబ్బా లెక్కగట్టి పెట్రోలు చిమ్మించే పద్ధతిని, మార్కెట్లోకి తెచ్చింది. 1976లో పొగగొట్టంలోకి ఆక్సిజన్ సెన్సార్ వచ్చింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకీ ఓబీడీ-2 సాకెట్, అంటే స్కానర్ తగిలించి ఇంజిన్ తప్పులు చదివే సాకెట్, తప్పనిసరి అయింది. ఇంజిన్ మారిపోయింది సార్. మీరే ఇంకా కార్బురేటర్ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ సంగతి గుర్తుందా? మీకు గుర్తుండదులెండి, నేను చెబుతాను. బ్యాటరీ చార్జి అవుతోందా లేదా అని నాకు అనుమానం వచ్చింది. “ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకు. ఇంజిన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ మంచిదే” అన్నారు. పాత బండి మీద అదే పరీక్ష పదిసార్లు చేశాను కాబట్టి నాకూ అనుమానం రాలేదు. ఇంజెక్షన్ బండి మీద పదకొండోసారి పీకాను. హెడ్‌లైట్లు ఒక్కసారి తెల్లగా వెలిగాయి. ఇంజిన్ ఆగింది. మళ్ళీ స్టార్ట్ కాలేదు.

జరిగిందేమిటో ఎవరో విడమరిచి చెబితే గానీ నాకు ఎక్కలేదు. ఆల్టర్నేటర్ కరెంటు పోస్తుంటే, ఎగుడుదిగుళ్ళని మింగేసే పెద్ద తొట్టి బ్యాటరీ. ఆ తొట్టిని ఉన్నట్టుండి తీసేస్తే, వెంటనే తగ్గడం ఆల్టర్నేటర్ వల్ల కాదు. పన్నెండు వోల్టుల వైరింగులో వోల్టేజీ క్షణకాలం వంద దాటి కూడా ఎగరగలదు. ఆ దెబ్బ నా బండిలో నేరుగా ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బాకి, తగిలింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆల్టర్నేటర్ మాత్రం భేషుగ్గా ఉందని తేలింది. మల్టీమీటర్ తీగలు రెండూ బ్యాటరీకి ఆనించి, ఇంజిన్ నడుస్తుండగా దాదాపు 14 వోల్టులు చూపిస్తోందా అని చూస్తే పని అయిపోయేది. దానికి టెర్మినల్ ముట్టుకోనక్కర్లేదు.

టెస్ట్ ల్యాంపు కూడా మీ చుట్టమే కదా. లోపల మామూలు బల్బు ఉన్న ఆ సూదిని సెన్సార్ వైర్లలో గుచ్చితే, ఆ బల్బు లాగే కరెంటుని ఈసీయూ లోపలి చిన్న సర్క్యూట్లు తట్టుకోలేకపోవచ్చు. ఇక పోయిన 10 ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం గురించి ఏమీ అనను. ఫ్యూజు కాలడం మానేసి వైరింగు కాలడం మొదలెడుతుంది, అంతే తేడా.

పెట్రోలు లైను దగ్గరికి వద్దాం. ఇంజెక్షన్ బండిలో ఆ పైపులో మామూలుగా మూడు నాలుగు బార్‌ల ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేదే రెండు బార్‌ల పైచిలుకు. ఇంజిన్ ఆపేసినా ఆ ఒత్తిడి చాలాసేపు పైపులోనే నిలుస్తుంది. మీరేమో “ఆపేశాంగా, ఏం కాదులే” అని క్లిప్పు నొక్కి లాగమంటారు. పక్కనే ఎర్రగా కాగిన ఎగ్జాస్టు. నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్ళు అంటారు గానీ పెట్రోలుకి ఆ వరస తెలియదు. సున్నాకి నలభై డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. పైకి లేచి పోదు, నేల మీద పాకుతూ మూల ఉన్న హీటర్ దగ్గరికో, కింద పడి పగిలిన బల్బు దగ్గరికో తనే నడిచి వెళ్తుంది.

ఆ పైపు విప్పాలంటే పెట్రోలు పంపుకి కరెంటిచ్చే రిలే పీకి, ఇంజిన్ తనంతట తను ఆగేదాకా నడిపి, ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, ట్యాంకు మూత వదులు చేసి, ఇంజిన్ చల్లారాక బ్యాటరీ విప్పి, జాయింటు చుట్టూ గుడ్డ పెట్టి మెల్లగా తీయాలి. చేతికందే దూరంలో మంటలార్పే పౌడర్ సిలిండర్ ఉండాలి. నీళ్ళ బకెట్టు కాదు. పెట్రోలు నీళ్ళ మీద తేలి మంటతో సహా ఊరేగుతుంది. ఇదంతా చెప్పడానికి ఇంతసేపు పట్టింది కాబట్టే మీ నాలుగక్షరాలకి అంత గిరాకీ.

డీజిల్ దగ్గర మాత్రం నవ్వలేను. పాత డీజిల్ ఇంజిన్లో గాలి పట్టిందంటే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టి, బుడగలు పోయేదాకా కార్చేవాళ్ళు. మీ గురువులు నేర్పిన విద్య అది. ఇప్పుడున్నది కామన్ రైలు, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఒకే ఉమ్మడి గొట్టం. నడుస్తుండగా అందులో 1600 బార్‌లు, 2000 బార్‌లు, ఇంకా పైన కూడా ఉంటాయి. దాని నట్టు వదులు చేయడం, సన్నటి లీకు ఎక్కడుందోనని వేలితో తడమడం... ఆ ధార చర్మాన్ని దాటి లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత చుక్క. మొదట్లో పెద్ద నొప్పి కూడా ఉండకపోవచ్చు. సరిగ్గా అక్కడే మీరు మళ్ళీ నోరు తెరుస్తారు. లోపల డీజిల్ కండని చంపుకుంటూ పోతుంటుంది. అది గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన గాయం. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. ఆసుపత్రిలో ‘చిన్న గాయం’ అనకుండా ‘ఒత్తిడితో డీజిల్ లోపలికి దూరింది’ అని చెప్పాలని కూడా మీరు ఎవరికీ చెప్పలేదు.

మీ మంచితనం మొత్తం బయటపడేది చెక్ ఇంజిన్ లైటు దగ్గర. స్కానర్ తగిలించి, ఈసీయూ రాసుకున్న తప్పు కోడ్ చెరిపేసి, “చూశావా, పోయింది” అంటారు. లైటు పోయింది. దాంతోపాటు తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ వేడెంత, వేగమెంత అని ఈసీయూ దాచిపెట్టిన వివరాలూ పోయాయి. పీ0171 అనే కోడ్‌కి అర్థం గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని మాత్రమే. మీరు దాన్ని ‘ఆక్సిజన్ సెన్సార్ మార్చు’ అని చదివారు. కొత్త సెన్సార్ కూడా పాతది చెప్పిందే చెప్పింది. చివరికి చూస్తే వ్యాక్యూమ్ పైపు చీలి, లెక్కలో లేని గాలి లోపలికి దూరుతోంది.

హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుళ్ళు చూసే ఉంటారు. వాటిలో పారేది వందల వోల్టులు. వాటి ముందు మొదటిసారి మీరు కాస్త తటపటాయించినట్టు అనిపించింది. నా భ్రమేమో.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఒక ఈసీయూ పోగొట్టుకున్నవాడు

తా.క.: నిన్న రాత్రి డీజిల్ బండి కింద సన్నటి తడి కనబడింది. చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది. వెనక్కి తీసుకుని, ఇంజిన్ ఆపి, గ్లౌజులు, కళ్ళద్దాలు, చేతికి బదులు లీకు దగ్గర పెట్టడానికి ఒక అట్టముక్క కోసం లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మీరింకా అక్కడే, నట్టు పక్కన, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.