మద్రాస్ రెజిమెంట్ ఏనుగు ఎవరి గెలుపుకు గుర్తు?

భారత సైన్యంలోని మద్రాస్ రెజిమెంట్ చిహ్నంలో డాలు మీద ఏనుగు, దానితో పాటు రెండు కత్తులు కనిపిస్తాయి. తెలుగువారు ఎందరో ధరించిన చిహ్నం ఇది. దక్షిణాది అడవుల జంతువు కనుక బలానికి గుర్తుగా పెట్టి ఉంటారని అనుకుంటాం. కానీ దాని పేరు 'అసాయే ఏనుగు'.

అసాయే నేటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో ఒక గ్రామం. 1803 సెప్టెంబరు 23న అక్కడ ఆర్థర్ వెల్లెస్లీ నడిపిన ఈస్టిండియా కంపెనీ సేన మరాఠా పాలకులైన దౌలత్‌రావ్ సింధియా, బేరార్ భోంస్లేల సైన్యాన్ని ఓడించింది. కంపెనీ తరఫున పోరాడినవారిలో మద్రాసు సిపాయిలే ఎక్కువ. ఎదుట ఫిరంగులు పేల్చినవారూ ఈ దేశస్థులే. మరాఠా గోలందాజులు ఫిరంగులను వదిలి పారిపోలేదు, చాలామంది వాటి పక్కనే నేలకొరిగారు. గెలిచిన పటాలాలకు బహుమానంగా దక్కిందే ఈ ఏనుగు. స్కాట్లాండ్‌కు చెందిన 74వ హైలాండర్లకూ అదే ఇచ్చారు.

మరి స్వతంత్ర భారతం దీన్ని ఎందుకు ఉంచుకుంది? గణతంత్రం వచ్చాక అధికారుల భుజాల మీది బ్రిటిష్ కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. నౌకాదళ పతాకం మీది, ఇంగ్లండ్ గుర్తైన సెయింట్ జార్జ్ శిలువను 2001లో తీసేశారు, 2004లో మళ్లీ పెట్టారు, చివరికి 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో పూర్తిగా తొలగించారు. కిరీటానికి గానీ, ఆ శిలువకు గానీ మనం కొత్త అర్థం ఇవ్వలేం. అవి ఎవరివో చూడగానే తెలుస్తుంది. ఏనుగు అలా కాదు, అది ఈ నేలది. పైగా పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధాల్లో, 1948లో టిత్వాల్‌లో, 1965లో మహారాజ్‌కేలో, 1971లో బసంతర్ నది దగ్గర ఈ రెజిమెంట్ జవాన్లు దేశం కోసం రక్తం ధారపోశారు. కంపెనీ ఇచ్చిన బొమ్మను వాళ్లు తమ సొంతం చేసుకున్నారు. అందుకే దాన్ని మార్చాలనే వాదనతో నేను ఏకీభవించను.

అలాగని దాని పుట్టుకను దాచకూడదు. రెజిమెంట్ శిక్షణ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయిన ఆ వెల్లెస్లీ పేరే ఆ ఊరికి పెట్టారు. అక్కడ ఏనుగు బ్యాడ్జీ అందుకునే ప్రతి యువకుడికీ అసాయేలో రెండు వైపులా ఎవరు చనిపోయారో చెప్పాలి. రేపు సరిహద్దులో అతని పక్కన నిలబడేది మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ జవాను కావచ్చు.