సూపర్ మార్కెట్ చవక ఊళ్లో ఎవరికి అందుతోంది?

ఊళ్లో కొత్త సూపర్ మార్కెట్ తెరిస్తే కొన్నాళ్లపాటు టీ కొట్టు దగ్గర, ఆటో స్టాండులో, పొదుపు సంఘం మీటింగులో అదే మాట. కందిపప్పు అక్కడెంత, శెట్టిగారి కొట్లో ఎంత, నూనె ప్యాకెట్ మీద ఎంత తగ్గించారు, ఆదివారం సాయంత్రం బిల్లింగ్ దగ్గర ఎంతసేపు నిలబడాల్సి వచ్చింది. కాసేపటికి ఎవరో ఒకరు "మరి మన మెయిన్ బజారు సంగతేంటి?" అంటారు. "చవగ్గా ఇచ్చేవాళ్ల దగ్గరే కొంటాం, ఇన్నాళ్లూ వీళ్లు మాత్రం మనకేం తగ్గించారు?" అని వెంటనే జవాబు వస్తుంది. "చేతిలో డబ్బుల్లేని రోజున వాళ్లు అరువిస్తారా?" అని ఇంకొకరు అడుగుతారు. సూపర్ మార్కెట్లు జిల్లా కేంద్రాలు దాటి చిన్న మున్సిపాలిటీలకు, మండల కేంద్రాలకు చేరుతున్న కొద్దీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ మాటలు ఊరూరా వినిపిస్తున్నాయి.

వీటిలో చివరి ప్రశ్నకే ఎవరూ సరిగ్గా జవాబు చెప్పడం లేదు. ధరల గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటున్నాం గానీ, ఆ తక్కువ ధర అందుకోవడానికి ఏమేం కావాలో మాట్లాడుకోవడం లేదు. నెల సరుకులకు ఒకేసారి డబ్బు కావాలి. ఊరి చివర బైపాస్ దాకా వెళ్లి మూటలు తెచ్చుకోవడానికి బండి కావాలి. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు ఆ మూడూ దాచుకోవడానికి ఇంట్లో చోటుండాలి. నెల జీతం వచ్చే ఇంట్లో ఇవన్నీ ఉంటాయి. రోజు కూలీ ఇంట్లో, కౌలు రైతు ఇంట్లో, అద్దె ఆటో నడిపేవాళ్ల ఇంట్లో ఉండవు. వాళ్లకు కావాల్సింది పావు కిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్, డబ్బు కోసం శనివారం దాకా ఆగే కొట్టు. జీతగాళ్లంతా బైపాస్ వైపు వెళ్లిపోయాక ఆ కొట్టు నిలబడుతుందా అన్నది వాళ్ల బతుకు ప్రశ్న.

సూపర్ మార్కెట్లు మనకు మరీ కొత్తేమీ కావు. త్రినేత్ర 1986లో హైదరాబాద్‌లోనే పుట్టింది, పెరిగింది. 2007లో దాన్ని ఆదిత్య బిర్లా గ్రూపు కొనేసింది. ఆ తర్వాత ఆ గ్రూపు దుకాణాలకు 'మోర్' పేరు వచ్చింది. రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు తెరిచింది కూడా హైదరాబాద్‌లోనే, 2006 నవంబరులో. మరుసటి ఏడాది రాంచీలో కూరగాయల వ్యాపారులు రోడ్డెక్కారు, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం తమ రాష్ట్రంలో ఆ దుకాణాలను మూయించింది. మన దగ్గర అంత గొడవ జరగలేదు. 2012లో మల్టీబ్రాండ్ రిటైల్‌లో, అంటే రకరకాల కంపెనీల సరుకు ఒకేచోట అమ్మే దుకాణాల్లో, 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం అనుమతిచ్చినప్పుడు, పది లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాలకే ప్రధానంగా పరిమితమనే షరతు పెట్టింది. చిన్న ఊళ్లకు ఢోకా లేదని అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఆ షరతు విదేశీ పెట్టుబడికే. దేశీయ గొలుసు దుకాణాలకు అలాంటి అడ్డు ఎప్పుడూ లేదు.

చిన్న కొట్లన్నీ మూతపడతాయన్న భయం కూడా అప్పటి నుంచే ఉంది. ఢిల్లీలోని ఆర్థిక పరిశోధన సంస్థ ఇక్రియర్ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం చిన్న దుకాణాల్లో ఏటా 4.2 శాతం మూతపడుతుంటే, పెద్ద రిటైల్ పోటీ కారణంగా మూతపడినవి 1.7 శాతం. పెద్ద దుకాణం వచ్చిన కొత్తలో చుట్టుపక్కల కొట్ల అమ్మకాలు, లాభాలు పడిపోతాయని, కాలం గడిచేకొద్దీ ఆ దెబ్బ తగ్గుతుందని కూడా అందులో ఉంది. ఆ తర్వాత ఫోన్లో ఆర్డరిస్తే నిమిషాల్లో తెచ్చిచ్చే కంపెనీలు వచ్చాయి. ఏడాదిలో సుమారు రెండు లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని 2024లో వినియోగ వస్తువుల పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య చెప్పింది. తమ వ్యాపారమే దెబ్బతింటున్నవాళ్లు చెప్పిన లెక్క అది, ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి. ఏమైనా, మూతపడ్డ కొట్ల లెక్క ఒక్కటే చూస్తే చాలదు. తెరిచే ఉన్నా అరువు ఆపేసిన కొట్టు, రాత్రి పది దాకా ఉండేది ఎనిమిదింటికే షట్టర్ దించేసిన కొట్టు ఏ లెక్కలోకీ రావు.

పాత బజారును మెచ్చుకునేవాళ్లు ఒక నిజాన్ని దాటవేస్తారు. ఆ బజారు అందర్నీ ఒకేలా చూడలేదు. పెద్దింటివాళ్లకు కుర్చీ వేసి సరుకు చూపించిన కొట్లోనే వాడవాళ్లు మెట్ల కింద నిలబడి చేతులు చాపాల్సి వచ్చేది. పురుగు పట్టిన బియ్యం, తడిసిన బెల్లం ఎవరి సంచిలోకి వెళ్లేవో ఊళ్లో అందరికీ తెలుసు. కాటా మీద అనుమానం ఉన్నా అడిగే ధైర్యం ఉండేది కాదు, ఎందుకంటే పద్దు పుస్తకంలో బాకీ ఉండేది. సూపర్ మార్కెట్లో ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు, వస్తువు చేత్తో తీసుకుని ధర చూసి నచ్చకపోతే అక్కడే పెట్టేసి రావచ్చు. ఏ కులమని, ఎవరమ్మాయివని అడగరు. ఊరి ఆడపిల్లలు శానిటరీ ప్యాడ్లు నల్ల కవరు కోసం కాచుకోకుండా బుట్టలో వేసుకుంటున్నారు. ఇది చిన్న మార్పు కాదు. దీన్ని పోగొట్టుకోమని వాళ్లకు ఎవరూ చెప్పకూడదు.

ఇక ధర. సూపర్ మార్కెట్ ఎలా తగ్గించగలుగుతోందన్న దాని మీద ఊళ్లో రకరకాల మాటలు నడుస్తాయి, నాసిరకం అమ్ముతారనే ఆరోపణతో సహా. ఉదాహరణకు డీమార్ట్ నడిచే పద్ధతిలో రహస్యమేమీ లేదు. రాధాకిషన్ దమానీ 2002లో ముంబైలోని పవాయ్‌లో మొదలుపెట్టిన ఈ సంస్థ వీలైనంత వరకు అద్దెకు దిగకుండా స్థలాలు సొంతంగా కొంటుంది, సరుకు ఇచ్చినవాళ్లకు కొద్ది రోజుల్లోనే డబ్బు చెల్లిస్తుంది, అందుకు బదులుగా ధర తగ్గించుకుంటుంది. పెట్టుబడి ఉన్నవాళ్లు చేయగలిగిన వ్యాపారం అది. చిన్న ఊరి కిరాణా కొట్టు దారి వేరు. పప్పులు, దినుసులు విజయవాడ దగ్గర గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్ నుంచో, హైదరాబాద్ బేగంబజార్ నుంచో లారీ ట్రాన్స్‌పోర్టులో రావాలి. సబ్బులు, పేస్టులు ఏజెన్సీవాళ్ల దగ్గర తీసుకోవాలి. హమాలీ కూలి, ఆటో కిరాయి కలిపి చూసుకుంటే, కొన్ని వస్తువులు కొట్టుకు పడే ధర కన్నా సూపర్ మార్కెట్లో అమ్మే ధరే తక్కువగా ఉంటుంది.

అసలు అన్యాయం ఇక్కడుంది. కిరాణా కొట్టతను దోచుకుంటున్నాడని జనం అనుకుంటారు, అతను తనకు పడ్డ ధర మీద రూపాయో రెండో వేసుకుని అమ్ముతుంటాడు. ఒకే కంపెనీ ఒకే సబ్బును పెద్ద దుకాణానికి ఒక ధరకు, చిన్న కొట్టుకు ఇంకో ధరకు ఇస్తోందన్నదే పంపిణీదారుల ఫిర్యాదు. ఈ తేడా మీదే 2021 చివర్లో వాళ్ల సమాఖ్య కంపెనీలకు సహాయ నిరాకరణ హెచ్చరిక చేసింది. 2022 జనవరిలో మహారాష్ట్రలో కోల్గేట్ ఉత్పత్తులు కొన్నింటి సరఫరా ఆపేశారు. ఎక్కువ కొన్నవాళ్లకు తక్కువకు ఇవ్వడం వ్యాపారంలో మామూలే, కాదనను. కానీ ఆ తేడాకు ఒక హద్దు ఉండాలి, అది బయటికి తెలియాలి. లేకపోతే పోటీ అనే మాటకే అర్థం లేదు.

కొన్ని చోట్ల చిన్న కొట్టుకు ఇప్పటికీ బలం ఉంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల లోపు లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి ప్యాకెట్లపై 5 శాతం జీఎస్టీ పడింది. విడిగా తూచి ఇచ్చే సరుకుపై పడలేదు. ఆ తర్వాతే మన బియ్యం కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపించడం మొదలైంది. విడి సరుకు నాణ్యంగా, శుభ్రంగా అమ్మే కొట్టు ఈ ఒక్క విషయంలో ప్యాకెట్‌తో పోటీ పడగలదు. ఆ శుభ్రత మీద శ్రద్ధ పెట్టిన కొట్లు మాత్రం తక్కువే, చెప్పక తప్పదు.

అరువు సంగతికి వస్తాను. మన ఊళ్లలో ఆదాయం నెలనెలా రాదు. వరి డబ్బు కోతల తర్వాత వస్తుంది. మిర్చి, పత్తి అమ్ముడయ్యేదాకా రైతు ఇంట్లో కొత్త నోటు ఉండదు. వాన పడితే మేస్త్రీకి పని ఉండదు. ఆ మధ్య రోజులన్నీ పద్దు పుస్తకం మీదే గడుస్తాయి. ఈ అరువుకు కాగితం లేదు, ఆధార్ లేదు, పూచీకత్తు లేదు. "పలానా వెంకన్న కూతురు" అంటే చాలు. వడ్డీ ధరలోనే కలిసి ఉంటుంది నిజమే, రాసిన లెక్కలో తప్పులూ ఉంటాయి. అయినా పంట పోయిన ఏడాది బాకీ వచ్చే ఏడాదికి జరుగుతుంది. ఇంట్లో చావు జరిగితే కొట్టతను అడగడానికి రాడు. 2020 లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయినప్పుడు ఎంతో మందికి ఈ పుస్తకమే అన్నం పెట్టింది.

ఇది నడవాలంటే కొట్టుకు రొక్కం ఇచ్చే గిరాకీ ఉండాలి. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆర్టీసీవాళ్లు ఒకటో తారీఖున కట్టే డబ్బుతోనే అతను ఏజెన్సీకి చెల్లించి, మిగతావాళ్లకు అరువిస్తాడు. ఆ రొక్కం బైపాస్‌కు వెళ్లిపోయిన రోజు అరువు తగ్గుతుంది. నేను వంద రూపాయలు ఆదా చేసుకుంటే దాని భారం మా వీధి చివర ఉండే కూలీ ఇంటి మీద పడుతుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. అరువు దొరకనివాళ్లు తిండి మానరు కదా, అప్పు ఇంకోచోట వెతుక్కుంటారు. వారం వారం వాయిదా కట్టించుకునే సూక్ష్మ రుణ సంస్థలున్నాయి, ఫోన్‌లో లోన్ యాప్‌లున్నాయి. వసూళ్ల వేధింపులతో ఆత్మహత్యలు జరిగి 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిన రోజులు మనకు గుర్తుండాలి. ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన చట్టం ఆర్‌బీఐ దగ్గర నమోదైన సంస్థలకు వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. ఆ అప్పులకు పద్దు పుస్తకం ఒక అడ్డుగోడలా నిలబడింది. అది కూలుతున్నప్పుడు బదులు ఏముందో ఎవరూ ఆలోచించడం లేదు.

ఉద్యోగాలొచ్చాయి కదా అంటారు. వచ్చాయి. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న అమ్మాయిలు బిల్లింగ్ కౌంటర్లలో సొంత జీతం తెచ్చుకుంటున్నారు, ఇంట్లో వాళ్ల మాటకు విలువ పెరిగింది. కానీ రోజంతా నిలబడే పని అది. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మన దగ్గర కౌంటర్ వెనక కుర్చీ కనిపించడమే అరుదు.

పోటీ తట్టుకోలేని కోపం ఒక్కోసారి తప్పుడు దారి పడుతోంది. 2025 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఆమనగల్లులో మార్వాడీ వ్యాపారులకు వ్యతిరేకంగా స్థానిక వ్యాపారులు బంద్‌కు పిలుపునిచ్చారు. వాళ్ల ఆవేదన నాకు అర్థమవుతుంది, ఎంచుకున్న లక్ష్యంతో మాత్రం ఏకీభవించను. ఎదుటి కొట్టతను ఏ రాష్ట్రం నుంచి వచ్చినా అదే వీధిలో ఉంటాడు, అదే ఏజెన్సీ దగ్గర కొంటాడు, అదే ధరలకు బాధపడతాడు. అడగాల్సింది కంపెనీలను, మున్సిపాలిటీని.

మున్సిపాలిటీలు చేయగలిగింది చాలానే ఉంది, చేస్తున్నది తక్కువ. పెద్ద దుకాణం వస్తుందంటే ప్లాను, పార్కింగ్, ఫైర్ అనుమతి చూస్తారు. మెయిన్ బజారులో కాలువల మీద మూతలుండవు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు, బండి ఆపడానికి చోటుండదు. పన్ను కట్టే కొట్లు వందల్లో ఉన్నా ఆ బజారుకు ఖర్చు పెట్టరు. జనాన్ని బైపాస్ వైపు నెట్టింది ధర ఒక్కటే కాదు. ప్రభుత్వం తలుచుకుంటే ఏం జరుగుతుందో 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు చూపించాయి. ఒక స్థలం, ఒక షెడ్డు, రోజూ బోర్డు మీద ధర, అంతే. పాతికేళ్లు దాటినా జనం అక్కడికి వెళ్తూనే ఉన్నారు. ఊళ్లోని కిరాణా కొట్లన్నీ ఒక సంఘంగా కలిసి కంపెనీ దగ్గర నేరుగా కొనడానికి ఒక గోదాము ఇచ్చినా చాలు, ధరలో తేడా కొంత అక్కడే తగ్గుతుంది.

ఇంకో దారి కూడా మన కళ్ల ముందే ఉంది. పులివెందులలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన కోసం ప్రభుత్వం పెట్టిన సంస్థ) పొదుపు సంఘాల మహిళలు తలా కొంత డబ్బు వేసుకుని మహిళా మార్ట్ పెట్టుకున్నారు. ధరల బోర్డు, బుట్ట, బిల్లు అన్నీ ఉన్న సూపర్ మార్కెట్టే అది, కాకపోతే యజమానులు ఊరివాళ్లు. అలాంటి మార్టులు ప్రతి మున్సిపాలిటీలో రావాలని నా కోరిక. దాంతో పాటు ఇంకొక్కటి చేయాలి. సభ్యురాలి పొదుపునే హామీగా పెట్టుకుని, పని లేని నెలల్లో ఒక హద్దు వరకు సరుకులు అరువివ్వాలి. ఎవరి ఇంట్లో ఎప్పుడు డబ్బొస్తుందో సంఘంలో అందరికీ తెలుసు, వసూలు చేసుకోవడమూ వాళ్లకు తెలుసు. సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే లింకేజీ, వడ్డీ రాయితీ ఇప్పటికే ఉన్నాయి. వాటిలో కొంత భాగాన్ని సరుకుల అరువు కోసం విడిగా పెట్టమని మెప్మాను అడగడానికి కౌన్సిల్ తీర్మానం ఒకటి సరిపోతుంది.