సెంటరుకి 26 వేల కాంతి సంవత్సరాలు

మా ఊళ్ళో సెంటర్లు మూడు. పాత సెంటరు, బస్సు సెంటరు, పకోడీల బండి పెట్టాక దానంతట అదే ఏర్పడిన కొత్త సెంటరు. పట్టుమని మూడొందల గడప లేని ఊరికి మూడు సెంటర్లుంటే, మన సూర్యుడితో కలిపి తక్కువలో తక్కువ పదివేల కోట్ల నక్షత్రాలున్న పాలపుంతకు ఒక్కటే సెంటరట. పోనీ అదైనా మనకు దగ్గరా అంటే, 26 వేల కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం. కాంతి ఏడాదిపాటు ఆగకుండా పరిగెడితే ఒక్క కాంతి సంవత్సరం. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మా బావగారికి అన్నం సయించడం లేదు.

ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. మాది పంటకాలువకు చిట్టచివర. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళు ఎగువ చేలన్నీ తడిపి, దారిలో తూములన్నిటినీ పలకరించి మా బోదెకు చేరేసరికి తడి మిగులుతుంది, నీళ్ళుండవు. వంతులు పెట్టినా అంతే. "కాలువలో శివారంటే మన కర్మ అనుకున్నామండి. ఆకాశంలోనూ శివారేనా?" అన్నారు బస్సు సెంటర్లో, పేపరు మడిచి చంకలో పెట్టుకుంటూ.

ఒకప్పుడు మనకింత అవమానం లేదు. 1785లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త నక్షత్రాలను లెక్కపెట్టి గీసిన పటంలో సూర్యుడు దాదాపు నడిమధ్యనే ఉన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ధనుర్మాసంలో తెల్లవారుజామున, మంచు దట్టంగా పట్టినప్పుడు కొబ్బరితోటలో నిలబడి చూడండి. ఎటు చూసినా పాతిక చెట్లే కనిపిస్తాయి. తోటకు నట్టనడుమ మనమే ఉన్నామనిపిస్తుంది. పాలపుంతలో మంచు పని ధూళి చేస్తుంది.

1918 ప్రాంతంలో హార్లో షాప్లీ అనే ఆయన తోటలో చెట్లు లెక్కపెట్టడం మానేసి, తోట పైనా కిందా విడిగా కనిపించే గోళాకార నక్షత్రగుచ్ఛాల మీద పడ్డాడు. చూస్తే అవి ఎక్కువగా ధనుస్సు రాశి వైపే మూగి ఉన్నాయి. జనం ఎటు మూగితే అటే సెంటరు కదా! ఈ సూత్రం మా పకోడీల బండాయనకు ఏ టెలిస్కోపూ లేకుండానే తెలుసు. అయితే షాప్లీ దూరాన్ని 50 వేల కాంతి సంవత్సరాలు దాటించేశాడు. తర్వాత ధూళి లెక్క తేలాక దాన్ని సుమారు సగానికి దించారు. రీసర్వేలో గట్టు రెండడుగులు జరిగిందని మాటలు మానేసిన అన్నదమ్ములు మా ఊళ్ళో ఉన్నారు. ఇక్కడ వేల కాంతి సంవత్సరాలు జరిగినా ఒక్కరూ కోర్టుకెళ్ళలేదు.

మన గోదావరిలాగే పాలపుంతకూ పాయలున్నాయి. గౌతమి, వసిష్ఠ అని ఋషుల పేర్లు పెట్టించుకునే భాగ్యం వాటికి లేదు గానీ, ధనుస్సు పాయ, పర్సియస్ పాయ అని పెద్దవే ఉన్నాయి. సూర్యుడు ఆ రెంటిలో దేనిమీదా లేడు. మధ్యలో ఓరియన్ అనే పిల్ల పాయ మీద ఉన్నాడు. ఈమధ్య మళ్ళీ కొలిస్తే అది అనుకున్నంత చిన్నదేం కాదని తేలిందట. "ఆ కొలిచినవాళ్ళని ఒకసారి మన బోదె దగ్గరకి పిలిపిద్దురూ" అన్నారు బావగారు, ఆశగా.

చివరికి ఎగువకు మార్చమని అర్జీ పెడదామన్నారు. పెట్టేముందు అక్కడెలా ఉందో కనుక్కోవడం నా వంతయింది. నడిమధ్యన సూర్యుడికి 40 లక్షల రెట్లు బరువున్న కృష్ణబిలం, అంటే కాంతిని కూడా బయటికి పోనివ్వని బ్లాక్ హోల్, ఉంది. దాని ఫొటోకు 2017లో కొలతలు తీసుకుని, 2022 మే 12న బయటపెట్టారు. మా వైపు పెళ్ళి ఆల్బమ్‌లకు కూడా ఇంచుమించు అంతే పడుతుంది. ఆ చుట్టుపక్కల నక్షత్రాల ఇరుకు చెప్పనలవి కాదు. ఎస్2 అనే నక్షత్రమైతే గానుగెద్దులా 16 ఏళ్ళకో చుట్టు చుట్టేస్తోంది. మన సూర్యుడికేమో అతి దగ్గరి పొరుగు నక్షత్రం కూడా 4 కాంతి సంవత్సరాల పైనే. గట్టు తగాదా లేదు, పక్కింటి కొబ్బరిమట్ట మన పెంకుల మీద పడిందన్న గొడవా లేదు.

"ప్రాణానికి మంచిదే, కాదన్ను. మరి పరువో?" అన్నారు బావగారు.

అప్పుడు అసలు విషయం చెప్పక తప్పలేదు. పాలపుంత అడ్డకొలత సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. అంటే సెంటరు నుంచి అంచుకు 50 వేలు. మనం 26 వేల దగ్గరున్నాం. ఎగువా కాదు, శివారూ కాదు, సగం దారిలో ఉన్నామన్నమాట. బావగారి మొహం ఇంకా వాడిపోయింది. పాపం, శివారు రైతుకైతే కనీసం ధర్నా చేసే హక్కుంటుంది, ఫొటో పేపర్లో పడుతుంది. నడిమి రైతు గోడు ఏ కాలువ లస్కరు విన్నాడు గనక!

ఆయన్ని ఊరడిద్దామని వేగం సంగతి ఎత్తాను. మనమంతా సూర్యుడితోపాటు సెంటరు చుట్టూ సెకనుకి దాదాపు 230 కిలోమీటర్లు వెళ్తున్నామని, ఆ లెక్కన రాజమండ్రి నుంచి విశాఖకు సెకను కూడా పట్టదని, ఒక్క చుట్టుకు 23 కోట్ల ఏళ్ళు పట్టినా ఇప్పటికి ఇరవై చుట్లదాకా కొట్టామని వివరంగా చెప్పాను.

బావగారు అంతా విన్నారు. రోడ్డు వైపు చూశారు. వాచీ చూసుకున్నారు.

"సెకనుకి 230 అన్నారు?"

"ఆయ్."

"ఎనిమిదింటి రావులపాలెం బస్సు ఇంకా రాలేదండి మరి."